గొట్టంలో గురక

శుద్ధ విదియ

ఆటు మొదలైంది. పోటు నీటితో తిరిగే మోటార్లు ఆగిపోయాయి. ఊరంతా పడకశాలలో వరుసగా నడుం వాల్చింది. మళ్ళీ పోటు వచ్చి మోటార్లు తిరిగేదాకా అడుగూరులో మెలకువగా ఉండే మనిషిని నేనొక్కదాన్నే.

నా పని వినడం. మా ఊరు సముద్రం అడుగున ఉంది, గోడలకు అవతలంతా నీళ్ళే. ఎక్కడైనా అతుకు వదిలితే నీళ్ళు ముందు సన్నగా 'సూ' అంటాయి. ఆ తర్వాత ఏమీ అనవు, లోపలికి వచ్చేస్తాయి. గోడల్లో పెట్టిన యంత్రాలను ఉప్పు తినేసి చాలా కాలమైంది. కాబట్టి ఆటు వేళ ఒక మనిషి చెవులు రిక్కించి కూర్చోవాలి. దీన్ని చెవికాపు అంటాం. మా అమ్మ చేసేది, ఆవిడ పోయాక నా మెడకు చుట్టుకుంది. ఏ చప్పుడూ లేకపోతే చిట్టాలో 'శుభం' అని రాసి సంతకం పెడతాను. అందరూ లేచే వేళకి నేను పడుకుంటాను. ముప్పై ఆరేళ్ళ వయసుకు నాకు ఈ ఊళ్ళో అందరి ఊపిరీ తెలుసు, మాటలు మాత్రం పెద్దగా తెలియవు.

గురక పెట్టేవాళ్ళకు పడకశాలలో చోటు లేదు. గురకలో ఆ 'సూ' కలిసిపోతుందని భయం. వాళ్ళను నడవ చివరనున్న ఒంటిగదికి పంపుతారు. ఆ తలుపు బిగిస్తే చప్పుడు ఇటు రాదు. అక్కడ అతుకు వదిలితే తెలియాలి కదా అని ఒక ఇత్తడి గొట్టాన్ని నా కుర్చీ పక్కదాకా లాగి మూత పెట్టారు. గురకలో అక్కడి 'సూ' మాత్రం ఎలా వినబడుతుందని ఊరిపెద్ద దాలయ్యని ఓసారి అడిగాను. "అక్కడ ఒక్కడే కదేటి" అన్నాడు.

ఆ ఒక్కడు ఇప్పుడు ఎల్లాజీ మామ. అరవై దాటాయి. బయటి నీళ్ళలోకి మునకకు వెళ్ళి వచ్చేవాళ్ళకు చక్రం తిప్పి నీటితలుపు తెరిచే పని ఆయనది. గొట్టం మూత ఆటుకు రెండు మూడు సార్లు తీసి వింటే చాలని రూలు. నేను మూత పెట్టడమే మానేశాను. ఆయన గురకకి ఓ మొదలూ చివరా ఉన్నాయి. ముందు గొంతు సవరించుకుంటాడు, తర్వాత బరువైన పెట్టెను నేలమీద ఈడ్చినట్టు ఈడుస్తాడు, ఆఖర్న పెదవులతో 'ఫూ' అని ఊదేసి ఊరుకుంటాడు. నేనిక్కడ కూర్చుని "అంతేనా మామా?" అంటాను. ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. ఈ మధ్యకాలంలో నాతో ఇంతసేపు ఉన్న మనిషి ఇంకొకరు లేరు.

శుద్ధ పంచమి

ఇవాళ నేను పడుకోబోతుంటే మామే వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఒలే అసిరీ, అమాస నాటికి గుర్రు ఆగకపోతే పడకశాలలో నా సోటు తీసీసి కొత్తగా పెళ్ళయినోల్లకి ఇచ్చెస్తారంట. దాలయ్య సెప్పీసినాడు."

"తీసీస్తే మళ్ళీ ఇవ్వరేటి?"

"ఎక్కడినుంచి ఇస్తారే? ఉన్నవే లెక్క సోట్లు. తవిటమ్మ ఇక్కడ, నేనక్కడ. సచ్చిందాకా అంతే."

తవిటమ్మ అత్త ఆయన భార్య. పోటు వేళంతా ఆవిడ వంటశాలలో ఉంటుంది, ఆయన తలుపు దగ్గర ఉంటాడు. ఇద్దరూ ఒకచోట ఉండేది ఆటు వేళ పడకలోనే. పడుకునే ముందు వాళ్ళు గుసగుసగా కాసేపు మాట్లాడుకోవడం నేను ఎన్నోసార్లు విన్నాను. పాపం, ఆయన ఒంటిగదికి వెళ్ళినప్పటినుంచి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటోంది.

"నువ్వు అందరి గుర్రూ ఇన్నదానివి. ఇది ఎందుకొస్తాదో సెప్పు" అన్నాడు.

అమ్మ చెప్పిందీ, నేను విన్నదీ కలిపి చెప్పాను. నిద్రలో గొంతులోపలి కండ వదులవుతుంది. దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి దూరేటప్పుడు ఆ కండ అదురుతుంది, అదే గురక. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దారి ఇంకా మూసుకుంటుంది. మెడ చుట్టూ కొవ్వు చేరితే బయటినుంచి నొక్కుతుంది. మన గోడలకు పట్టే బూజు వల్ల ముక్కు దిబ్బడేస్తే మనిషి నోటితో పీలుస్తాడు, అప్పుడు మరీ ఎక్కువ. ఇక నాచుసారా తాగి పడుకుంటే చెప్పక్కర్లేదు, ఒళ్ళంతా వదులైనట్టే గొంతూ వదులైపోతుంది.

ఆయన అన్నీ తలూపుతూ విన్నాడు. సారా దగ్గర మాత్రం ఆగాడు.

"అది కూడానా?"

"అదే ముందు మామా."

ఆయన నిట్టూర్చిన తీరుకి నాకు నవ్వొచ్చింది.

శుద్ధ దశమి

మామ సారా మానేశాడు. మొదటి రెండు రోజులూ తలుపు దగ్గర ఎవరు పలకరించినా కసిరాడట. తిండి పడుకోబోయేముందు కాకుండా పెందలాడే తింటున్నాడు. కాచి చల్లార్చిన మంచినీళ్ళలో ఉప్పు వేసి ముక్కు కడుక్కుంటున్నాడు. గది గోడలమీది బూజు తనే గీకి కడిగాడు. మంచానికి తలవైపు కోళ్ళకింద చెక్కలు పెట్టాడు.

వెల్లకిలా పడుకోకుండా ఉండడానికి ఉపాయం నాది. ఆయన చొక్కాకు వీపువైపు సంచీ కుట్టి అందులో వలకి కట్టే బెండు ఒకటి పెట్టాను. వెల్లకిలా తిరగ్గానే అది వీపులో గుచ్చుకుంటుంది. మొదటి ఆటులో గొట్టంలోంచి గురక బదులు తిట్లు వినబడ్డాయి. నన్నూ, మా అమ్మనూ, బెండు చేసినవాణ్ణీ వరుసగా తిట్టి పక్కకు తిరిగి పడుకున్నాడు. నేను నోరు నొక్కుకుని నవ్వాను. పడకశాలలో నవ్వితే చెవికాపుకైనా శిక్షే.

గొంతు బలపడాలని పోటు వేళ శంఖం ఊదుతున్నాడు. దాంతో తలుపు దగ్గర పనిచేసేవాళ్ళకు చెవులు దిమ్మెక్కిపోతున్నాయని ఫిర్యాదు. తవిటమ్మ అత్త మాత్రం వంటశాల కిటికీలోంచి ఆ శంఖం విని మురిసిపోతోందట. నడవలో కనబడి నా చెయ్యి పట్టుకుంది.

"తగ్గుతున్నాదా పిల్లా?"

"తగ్గుతున్నాది అత్తా."

ఆవిడ ఎంత సంబరపడిందంటే, నాకు లోపల కాస్త అసూయ వేసింది. దాచడమెందుకు, వేసింది.

పౌర్ణమి

గురక సగానికి సగం తగ్గింది. పెట్టె ఈడ్చడం లేదు. మధ్యమధ్య పూర్తిగా ఆగిపోతోంది కూడా. ఆగినప్పుడల్లా చిట్టాలో 'శుభం' రాస్తున్నాను. ఈ ఆటులో ఎన్ని శుభాలు రాశానో లెక్క పెట్టలేదు, పేజీ మాత్రం నిండింది. దాలయ్య చూసి భుజం తట్టాడు. అమావాస్యకి ముందు నేను 'శుభం' అని తేల్చి చెబితే మామ తిరిగి పడకశాలకు వచ్చేస్తాడు.

మంచిదే. ఎంత మంచిదంటే ఆటు మొత్తం నేను గొట్టం పక్కనే కూర్చుని ఏడుపు దిగమింగుకున్నాను. ఆయన ఇక్కడికి వచ్చి అత్త పక్కన చప్పుడు లేకుండా పడుకుంటాడు. అందరిలాగే సన్నటి ఊపిరి అయిపోతాడు. ఒంటిగది ఖాళీ అవుతుంది. ఖాళీ గదిని వినడానికి నేనెందుకు, మూత పెట్టేస్తారు.

బహుళ విదియ

పోటు వేళ గోల జరిగింది. మునకకు వెళ్ళిన ఇద్దరు తిరిగొచ్చి బయటినుంచి నీటితలుపు కొడుతుంటే మామ చక్రం మీద తల ఆనించి నిద్రపోతున్నాడట. ఎవరో చూసి పరుగెత్తుకొచ్చి లేపారు. బయట ఉన్నవాళ్ళ సీసాలో గాలి ఆఖరుకొచ్చింది. లోపలికొచ్చి మాట్లాడలేక నేలమీద కూలబడ్డారట.

అందరూ సారానే అన్నారు. మామ ప్రమాణం చేసి చెప్పాడు, చుక్క ముట్టలేదని. నేను నమ్మాను, ఎందుకంటే సారా తాగిన గురక వేరు. ఆయన కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి. లేవగానే తలనొప్పి, నోరు పిడచ కట్టుకుపోతోంది, కూర్చుంటే కునుకు. ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో మధ్యలో మరిచిపోతున్నాడు.

"బాగా పడుకుంటున్నాను కదే, మరి ఈ నిద్దర ఎక్కడిది?" అని నన్నే అడిగాడు.

గురక తగ్గితే నిద్ర తీరాలి. తీరడం లేదు.

బహుళ పంచమి



నాకో పిచ్చి అలవాటు ఉంది. ఏమీ తోచనప్పుడు గొట్టానికి చెవి ఆనించి మామ ఊపిరితోపాటు నేనూ ఊపిరి తీస్తాను. ఆయన తీసుకుంటే నేను తీసుకుంటాను, వదిలితే వదులుతాను. పక్కన ఎవరో ఉన్నట్టుంటుంది. ఈ ఆటులోనూ అలాగే చేశాను. గురక నడిచింది, సన్నబడింది, ఆగింది. నేనూ ఆగాను. ఆయన మళ్ళీ మొదలుపెడతాడని చూశాను. పెట్టలేదు. నా గుండె దడదడలాడింది, చెవుల్లో హోరు పుట్టింది, ఇక ఆగలేక నోరు తెరిచి గాలి పీల్చాను. ఆయన ఇంకా పీల్చలేదు. అప్పుడు గొట్టంలోంచి ఒక్క గుటక, నీళ్ళలో మునిగి మునిగి పైకి తేలినవాడు పీల్చే గుటక. మునకవాళ్ళ ఊళ్ళో పుట్టినదాన్ని, ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి? కాసేపు గురక. మళ్ళీ ఆగడం. మళ్ళీ గుటక.

చిట్టా వెనక్కి తిప్పాను. ఆయన ఊపిరి ఆగిన ప్రతిచోటా నా చేత్తో రాసిన 'శుభం' ఉంది.

చప్పుడు లేకపోతే శుభం అని మా ఊళ్ళో చంటిపిల్లకు కూడా నేర్పుతాం. నీళ్ళ విషయంలో అది నిజమే. మనిషి విషయంలో కాదని ఎవరికీ తోచలేదు, నాకు కూడా. గొంతు ఇరుకైతే గురక. పూర్తిగా మూసుకుపోతే నిశ్శబ్దం. ఆయన ఆటంతా మునుగుతూ తేలుతూ ఉన్నాడు, ఇక మెలకువలో కునుకు రాదా మరి? ఏదో ఒక ఆటులో తేలకపోతే?

బహుళ షష్ఠి

దాలయ్యకి చెప్పాను. అంతా విని ఆయన గడ్డం గోక్కున్నాడు.

"గుర్రు పెట్టితే తప్పంతావు, ఆగిపోతే తప్పంతావు. ఏటి కావాలే నీకు?"

"గుర్రు కాదు పెద్దయ్యా, ఊపిరే ఆగిపోతున్నాది."

"ఆగిపోతే పొద్దున్న లేచి గంజి తాగుతున్నాడెలాగ?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా మొహంలోకి చూశాడు. "ఆడు ఇటు వచ్చెస్తే నీకు కాలక్షేపం పోతాదని గానీ కాదు కదా? గొట్టం మూత ఎప్పుడూ తెరిచే ఉంతందని ఇన్నాను."

ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయమేసింది. అది పూర్తిగా అబద్ధమని నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఆయన అక్కడే ఉండిపోవాలని నాకు నిజంగానే ఉంది. అందుకే లేనిది వింటున్నానా? ఆటులో మళ్ళీ విన్నాను. ఈసారి ఆయనతోపాటు ఊపిరి తీయలేదు, కుర్చీ చెక్కని గట్టిగా పట్టుకుని చెవి మాత్రమే పెట్టాను. ఆగింది. చాలాసేపు ఆగింది. లేనిదేమీ కాదు.

బహుళ అష్టమి

ఆటు మొదలయ్యాక తవిటమ్మ అత్తని తట్టి లేపాను. మాట్లాడకుండా చెయ్యి పట్టి నా కుర్చీ దగ్గరకి తీసుకొచ్చి, చెవి గొట్టానికి ఆనించమన్నాను.

ఇన్నాళ్ళ తర్వాత మొగుడి గురక వినబడేసరికి ఆవిడ మొహం విచ్చుకుంది. అంతలో అది సన్నబడి ఆగిపోయింది. నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"ఆగిపోనాది! సూసినావా, తగ్గిపోనాది!" అని నా చెవిలో గుసగుసగా అంది.

నేను ఆవిడ ముక్కూ నోరూ మెల్లగా మూసి, "మామ ఊపిరి తీసిందాకా నువ్వూ తియ్యకత్తా" అన్నాను.

నాకు పిచ్చెక్కిందనుకుంది. అయినా సరేనని తలూపి, గొట్టానికి చెవి పెట్టి నిలబడింది. నేను చెయ్యి తీసేశాను. ఆవిడే బిగబట్టింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. కాసేపటికి నవ్వు పోయింది. కళ్ళు పెద్దవయ్యాయి, మెడనరాలు తేలాయి, నా భుజం మీది చెయ్యి బిగుసుకుంది. ఇక తట్టుకోలేక గాలి పీల్చేసింది. గొట్టంలో ఇంకా ఏమీ లేదు. ఆవిడ రెండోసారి పీల్చింది, మూడోసారి పీల్చింది. అప్పుడు వచ్చింది ఆ గుటక.

తవిటమ్మ అత్త నా భుజం వదిలేసింది. పడకల మధ్యనుంచి నడవలోకి పరుగెత్తింది. ఆటు వేళ పరుగెత్తకూడదు, తలుపులు తెరవకూడదు. ఆవిడ కాళ్ళ చప్పుడుకి సగం ఊరు లేచి కూర్చుంది. "ఏటి? నీల్లొచ్చీసినాయేటి?" అని దాలయ్య అరిచాడు. గొట్టంలోంచి ఒంటిగది తలుపు తెరుచుకోవడం, ఆవిడ గొంతూ అందరికీ వినబడ్డాయి.

"లెగు! ఓలమ్మా, లెగు! ఊపిరి తియ్యి, తియ్యవేటి!"

"ఏటే తవిటీ, ఏటయ్యింది? అతుకు వదిలీసిందేటి?" అని మామ నిద్రమత్తులో అడుగుతున్నాడు.

ఆవిడ ఏడుస్తోంది. ఇటు మేమందరం చీకట్లో కూర్చుని వింటున్నాం. దాలయ్య నా వైపు చూడలేదు.

బహుళ ఏకాదశి

పైన ఒడ్డునున్న డాక్టరమ్మతో రేడియోలో మాట్లాడించారు. నేను చిట్టా చూస్తూ చెప్పినవన్నీ ఆవిడ ఓపిగ్గా వింది. ఇది గురక ఒక్కటే కాదు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అంది. చాలామందికి ఉంటుంది, పక్కనున్నవాళ్ళు చెబితే తప్ప వాళ్ళకు తెలియదు. చూసుకోకపోతే గుండెకీ బీపీకీ చేటు, మెలకువలో కునుకు ఎప్పుడు ముంచుతుందో చెప్పలేం. సారా మానడం, పక్కకు పడుకోవడం, బరువు తగ్గడం అన్నీ మంచివే, ఆపకండి, కానీ ఈయనకి అవి చాలవు అంది. ముక్కుకి తొడుగు పెట్టి చిన్న పంపుతో గాలిని మెల్లగా తోస్తూ ఉంటే గొంతు మూసుకోదు. తలుపు పని ప్రస్తుతానికి మాన్పించమంది. పైనుంచి మునిగే పడవ మా ఊరికి దిగినప్పుడు మనిషిని పైకి పంపితే పరీక్షలు చేసి చూస్తానంది.

మునకవాళ్ళ చిన్న పంపునీ, తొడుగునీ ఆవిడ చెప్పిన కొలతకి తగ్గించి బిగించారు. బ్యాటరీతో నడుస్తుంది. ఆటులో పెట్టుకుని పడుకున్నాడు. నేను గొట్టానికి చెవి పెట్టాను. గురక లేదు, ఆగడం లేదు, గుటక లేదు. ఆటు పొడుగునా ఒకటే చప్పుడు.

'సూ'.

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అచ్చం నీళ్ళు దూరే చప్పుడే. పుట్టినప్పటినుంచీ నా చెవులు దేనికోసం కాపు కాస్తున్నాయో సరిగ్గా అదే.

అంటే ఆ పంపు ఉన్నంతకాలం ఆయన పడకశాలలోకి రాలేడు. పంపు లేకుండా బతకలేడు.

అమావాస్య

చోట్లు పంచారు. మామ చోటు కొత్త జంటకి ఇచ్చారు. దాలయ్య పేర్లు చదివాడు. తవిటమ్మ అత్త లేచి తన పడక చుట్టి చంకన పెట్టుకుంది.

"నాది కూడా రాసీ. ఇంకొకలకి ఇచ్చీ" అంది.

"తొందరపడకు తవిటమ్మా. ఒంటిగదికి ఎల్లినోల్లు మరి ఇటు రాలేరు" అన్నాడు దాలయ్య.

"ఇన్నాళ్ళు సప్పుడు నేకుండా తొంగున్నాను. బాగానేదు" అని ఆవిడ నడవలోకి వెళ్ళిపోయింది.

అక్కడ మనిషి ఉంది కాబట్టి ఇక గొట్టం అక్కర్లేదన్నారు. పైగా ఆ 'సూ' ఇటు వినబడితే నేను కంగారుపడి ఊరిని లేపే గంట కొట్టేస్తానని భయం. మైనం కాచి నా చేతికిచ్చారు. మూత పెట్టే ముందు ఒక్కసారి చెవి ఆనించాను. పంపు ఇంకా పెట్టలేదు. వాళ్ళిద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. మాటలు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. మూత పెట్టి మైనం పోశాను.

ఈ ఆటు ఎంత పొడుగ్గా ఉందో! కూర్చోలేక లేచాను. ఒక్కొక్క పడక దగ్గర వంగి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి, ఊపిరి తగిలాక పక్క పడకకి వెళ్ళాను. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. 'శుభం' అని రాయాలంటే ఇక నాకు చప్పుడు లేకపోవడం ఒక్కటే చాలదు. చివరి పడక దాకా వెళ్ళి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటే, ఇంతమందిలో నాకు ఎవరూ లేరని అనిపించింది.

శుద్ధ పాడ్యమి

పోటు వచ్చింది. నా మూలకి పోయి పడుకోబోతుంటే తవిటమ్మ అత్త వచ్చి నిలబడింది. ఆవిడది కంటినిండా నిద్రపోయిన మనిషి మొహం.

"మామ ఎలాగున్నాడు?" అన్నాను.

"సంటిపిల్లడిలాగ తొంగున్నాడు. లెగిసి తలనొప్పి నేదన్నాడు." కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "అందరి ఊపిరీ నువ్వు ఇంతావు. మరి నీదెవులు ఇంతారే?"

నవ్వబోయాను. నవ్వు రాలేదు. నేను పడుకునేది మోటార్ల మోతలో, ఒంటరిగా, అందరూ పనుల్లో ఉండగా. నేను గురక పెడతానో లేదో, నా ఊపిరి ఆగుతుందో లేదో చెప్పగలిగినవాళ్ళు ఈ సముద్రం కింద ఒక్కరూ లేరు. అమ్మ పోయాక లేరు.

"ఎవులూ ఇనరత్తా."

"నాకు మజ్జేనం దాకా వంట నేదు. రా" అని నా దుప్పటి తనే తీసుకుని నడిచింది.

ఒంటిగదికి మోటార్ల మోత అంతగా రాదు. మామ పక్కమీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు. నన్ను చూసి జరిగి గోడవైపు చోటిచ్చాడు. అత్త నా తలదగ్గర కూర్చుంది. ఎవరో చూస్తుండగా నిద్ర పడుతుందా అనుకున్నాను. ఎప్పుడు పట్టిందో తెలియదు.

లేచేసరికి ఆవిడ అక్కడే, అలాగే కూర్చుని ఉంది. మామ వల పక్కన పెట్టి కునికిపాట్లు పడుతున్నాడు.

"గుర్రు పెట్టేనేటి అత్తా?"

"పెట్టకేటి! నాలుగిళ్ళవతలకి ఇనబడేలాగ పెట్టినావు. మజ్జిలో ఎక్కడా ఆగనేదు, గుటకలు మింగనేదు. సక్కగా సాగింది."

"అంతసేపూ ఇన్నావా?"

"మరి? నేనేటి ఇక్కడ సుట్టం సూపుకొచ్చినానా?"

నాకు ఏడుపు ఆగలేదు. దుప్పటిలో మొహం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆవిడ నా వీపుమీద చెయ్యి వేసి ఊరుకుంది.

"సివరికంటా ఇన్నావా?" అని మళ్ళీ అడిగాను.

"ఇన్నాన్లే. లెగిసి మొహం కడుక్కో, ఆటు వొచ్చెస్తంది."